ప్రాజెక్ట్ చార్టులో తేదీలు కదలకుండా ఉంచడం ఎలా? ముహూర్తం తేదీ కూడా అవతలికి జరిగిపోతోంది!

మండపం_ప్లానర్ · విజయనగరం · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయనగరం ఊరి చివర ఒక కల్యాణ మండపం పని చూస్తున్నాను. కింద భోజనాల హాలు, పైన పెళ్లి హాలు, పక్కన వంటల షెడ్డు. పై స్లాబు ఇంకా పడనే లేదు, మా ఓనరు గారు కార్తీకంలో ఒక పెళ్లికి అడ్వాన్సు పుచ్చేసుకున్నారు. అంచేత చివరి తేదీ మార్చడానికి లేదు.

పనుల షెడ్యూలు వేసే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో 84 టాస్కులు పెట్టాను. తేదీలన్నీ ముందే ఎక్సెల్‌లో రాసుకున్నవి, కాపీ చేసి పేస్ట్ చేశాను. తర్వాత ఏ పని అయ్యాక ఏది మొదలవ్వాలో లింకులు ఇచ్చాను. జూలైలో కూలీలు ఉభాలకి (వరినాట్లకి) ఊళ్లకి వెళ్లిపోయారు, దానికి తోడు వానలు. సెంట్రింగ్ (స్లాబు కింద అచ్చు, సపోర్టులు కట్టే పని) 9 రోజులు లేటయింది. ఆ 9 రోజులు చార్టులో వేసేసరికి:

ప్రారంభోత్సవం ముహూర్తం దాటి 15 రోజులు అవతలికి పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి ఒక ఆదివారం కరెంటు తీస్తామని కరెంటు ఆఫీసువాళ్లు మాట ఇచ్చారు, ఆ తేదీ కొడితే సోమవారం అయి కూర్చుంటోంది. కిటికీ ఫ్రేములేమో అనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి, అయినా వాటి తర్వాతి పనులు ఉన్న చోటు నుంచి కదలవు.

కదలొద్దన్నవి కదులుతున్నాయి, కదలమన్నవి మొరాయిస్తున్నాయి. రేపు సాయంత్రం ఓనరు గారికి ప్రింట్ చూపించాలి. టెన్షన్‌గా ఉంది.

చీపురుపల్లి_జంక్షన్ · సోమవారం రాత్రి 9:58

చాలా తేలిక మాస్టారూ. అన్ని టాస్కులూ సెలెక్ట్ చేసి మాన్యువల్ షెడ్యూల్ నొక్కండి. ప్రతి దాని పక్కనా గుండుసూది బొమ్మ వస్తుంది. ఇక ఏదీ కదలదు. 2010 వెర్షన్ నుంచీ ఉంది ఇది. నేను అన్నీ అలాగే చేస్తాను.

బొబ్బిలి_ఇటుక · సోమవారం రాత్రి 10:05

లేదా ప్రారంభోత్సవం టాస్కు మీద డబుల్ క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కన్‌స్ట్రెయింట్ టైపు (తేదీకి పెట్టే కట్టుబాటు) మస్ట్ స్టార్ట్ ఆన్ (సరిగ్గా ఆ రోజే మొదలవ్వాలి) పెట్టి ముహూర్తం తేదీ ఇచ్చెయ్యండి. అది ఒక్కటే నిలబడుతుంది, మిగతావి వాటి దారిన అవి కదులుతాయి.

మండపం_ప్లానర్ · సోమవారం రాత్రి 10:31

@బొబ్బిలి_ఇటుక గారూ, పెట్టాను. ముందు ఏదో హెచ్చరిక వచ్చింది, ఓకే కొట్టాను. ఇప్పుడు ముహూర్తం తేదీ నిలబడింది! కానీ పెయింటింగ్ నుంచి దానికి వెళ్లే బాణం వెనక్కి తిరిగి ఉంది. రంగులు పూర్తి కాకముందే ప్రారంభోత్సవం అయిపోయినట్టు చూపిస్తోంది. ఎన్ని రోజుల వెసులుబాటు ఉందో చూపే టోటల్ స్లాక్ కాలమ్‌లో మైనస్ 15. ఇది కరెక్టేనా?

గొట్టా_కాలువ · శ్రీకాకుళం జిల్లా · సోమవారం రాత్రి 11:20

సాఫ్ట్‌వేర్ లెక్క కరెక్టే బాబూ, నువ్వు అడిగిన ప్రశ్నే తప్పు. కోపగించుకోకు, నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే.

మాది కాలువ పని. గొట్టా బ్యారేజీ నుంచి ఖరీఫ్‌కి నీళ్లు వదిలేలోగా లైనింగ్ (కాలువకి కాంక్రీటు పూత) అయిపోవాలి. నీళ్లు వదిలే తేదీ మన చేతిలో ఉండదు, రైతు మనకోసం ఆగడు. ఒక ఏడాది నేను తెలివిగా లైనింగ్ టాస్కుకి ఫినిష్ నో లేటర్ దాన్ (ఈ తేదీలోగా అయిపోవాలి) పెట్టాను. మట్టి పని రెండు వారాలు వెనకబడింది. చార్టులో మాత్రం లైనింగ్ కదలకుండా బుద్ధిగా కూర్చుంది. పై ఆఫీసుకి ప్రతి సోమవారం అదే పంపాను, అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆఖరికి ఒక పెద్దాయన సైటుకి వచ్చి చార్టు చూసి, "ఏటయ్యా, గట్టు చెక్కకుండానే కాంక్రీటు వేసేస్తున్నావా?" అని అడిగాడు. అప్పుడు చూశాను, రెండు బార్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

నీ మైనస్ 15కి అర్థం అదే. పెళ్లి రోజుకి నీ పని 15 రోజులు వెనక ఉంది. ఇందాక అది ప్రారంభోత్సవం ముహూర్తం దాటిపోయినట్టు కనిపించింది, ఇప్పుడు బాణం వెనక్కి తిరిగినట్టు కనిపిస్తోంది. జబ్బు అదే, చొక్కా మార్చావు.

పొందూరు_నేత · మంగళవారం ఉదయం 6:15

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌ని, ఇంటి నుంచే పని. సిమెంటు గురించి నాకేమీ తెలియదు గానీ ఈ చార్టులతోనే పదేళ్లుగా కాపురం.

@మండపం_ప్లానర్ గారూ, అసలు తగాదా ఎక్సెల్ పేస్ట్ దగ్గర మొదలైంది. ఆటో షెడ్యూల్‌లో (తేదీలు సాఫ్ట్‌వేరే లెక్క కట్టే పద్ధతిలో) ఉన్న టాస్కుకి మీరు స్టార్ట్ తేదీ చేత్తో కొట్టినా, పేస్ట్ చేసినా, మౌస్‌తో బారును పట్టి లాగినా, ప్రాజెక్ట్ దాన్ని ఒక ఆజ్ఞగా తీసుకుంటుంది. "ఈ తేదీకంటే ముందు మొదలెట్టొద్దు" అని స్టార్ట్ నో ఎర్లియర్ దాన్ తగిలించేస్తుంది. ఫినిష్ తేదీ కొడితే ఫినిష్ నో ఎర్లియర్ దాన్. మీకు చెప్పదు, అడగదు. ఎడమ పక్క చిన్న క్యాలెండర్ బొమ్మ మాత్రం వేస్తుంది. మీ 84 టాస్కుల్లో ఆ బొమ్మలు ఎన్ని ఉన్నాయో చూడండి.

కిటికీ ఫ్రేములు ముందే వచ్చినా తర్వాతి పనులు రాకపోవడానికి కారణం ఇదే. లింకు రమ్మంటోంది, ఈ ఆజ్ఞ వద్దంటోంది. ఆలస్యమైతే మాత్రం అడ్డుపడదు, లింకు తోసిన కొద్దీ అవతలికి పోతుంది. అంటే మీకు నష్టం చేసే వైపు తలుపు తీసి, లాభం వచ్చే వైపు గడియ పెట్టారు.

చేయాల్సింది: కన్‌స్ట్రెయింట్ టైపు, కన్‌స్ట్రెయింట్ డేట్ అనే రెండు కాలమ్‌లు తెచ్చుకోండి. టాస్కులన్నీ సెలెక్ట్ చేసి, టాస్క్ ఇన్ఫర్మేషన్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, యాజ్ సూన్ యాజ్ పాసిబుల్ (వీలైనంత తొందరగా) పెట్టండి. ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన ఉంచుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. తర్వాత నిజంగా బయటివాళ్లు నిర్ణయించిన తేదీలకి మాత్రమే మళ్లీ కన్‌స్ట్రెయింట్ ఇవ్వండి.

ముహూర్తానికి అది కూడా వద్దు. అదే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పైన డెడ్‌లైన్ అని ఒక గడి ఉంటుంది, పెళ్లి తేదీ అక్కడ వేయండి. టాస్కును అది కట్టేయదు, చార్టులో ఆ తేదీ దగ్గర ఆకుపచ్చ బాణం గుర్తు నిలబడుతుంది. పని దాన్ని దాటిపోతే పక్కన ఎర్ర గుర్తు వస్తుంది. టోటల్ స్లాక్ కూడా ఆ డెడ్‌లైన్‌ని బట్టే లెక్క కడుతుంది.

చీపురుపల్లి_జంక్షన్ · మంగళవారం ఉదయం 7:02

అక్కా, ఇంత తతంగం దేనికి? గుండుసూది పెడితే అయిపోయే దానికి. మా కాంట్రాక్టరుకి తేదీ కదలకూడదు, అంతే. బిల్లులు ఆ తేదీల మీదే పెడతాం.

పొందూరు_నేత · మంగళవారం ఉదయం 7:20

తమ్ముడూ, బిల్లు కోసం కదలని తేదీలు కావాలంటే దానికి బేస్‌లైన్ ఉంది. ప్రాజెక్ట్ ట్యాబ్‌లో సెట్ బేస్‌లైన్. అసలు ప్లాను ఫోటో తీసినట్టు ఒక పక్కన ఉండిపోతుంది. ఒకటి కాదు, 11 దాచుకోవచ్చు. ట్రాకింగ్ గాంట్ వ్యూలో చూస్తే కింద బూడిద రంగు బారు పాత ప్లాను, పైన రంగు బారు ఇప్పటి సంగతి.

మాన్యువల్ మోడ్ చెడ్డదని నేననను. వివరాలు ఇంకా తెలియని పనికి, "లిఫ్టు, ఎప్పుడో నవంబరులో" లాంటి దానికి, బాగుంటుంది. 84కి 84 సూదులు గుచ్చితే మాత్రం అది ప్రాజెక్ట్ ఫైలు కాదు, గోడ మీద అంటించిన కాగితం. ఆ మాత్రానికి ఎక్సెల్ చాలు.

పాత_పెన్సిల్ · శ్రీకాకుళం · మంగళవారం ఉదయం 8:45

నేను రిటైరయిన వర్క్ ఇన్‌స్పెక్టరుని. మనవడి ల్యాప్‌టాప్‌లో ఇదంతా చదువుతున్నాను. గోడ మీద అంటించిన కాగితాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకమ్మా.

మా రోజుల్లో గ్రాఫ్ షీటు మీద బార్ చార్టు గీసేవాళ్లం. ఒప్పందం తేదీలు ఇంకు పెన్నుతో, జరుగుతున్న పని దాని కిందే పెన్సిల్‌తో. ఇంకు మీద చెయ్యి వేసే హక్కు సెక్షనాఫీసరుకి కూడా లేదు. పెన్సిల్ ప్రతి శనివారం చెరిపి గీసేవాళ్లం. నువ్వు చెప్పిన బేస్‌లైన్ మా ఇంకే అని అర్థమయింది. ఈ కుర్రాళ్ల తప్పల్లా పెన్సిల్‌తో గీయాల్సిన చోట ఇంకు వాడటం.

ఒక్క సందేహం. తేదీ ముందుకి జరిగింది అని ఒకరు రాస్తారు, వెనక్కి పోయింది అని ఇంకొకరు. ముందుకి అంటే తొందరగానా, ఆలస్యంగానా? ఈ మాట మీద ఒకసారి మేస్త్రీకీ నాకూ పెద్ద గొడవైంది. ముందుకి జరిపామంటే వాడు రెండు రోజులు తొందరగా జట్టును తోలుకొచ్చేశాడు, ఇక్కడ చూస్తే ఇసకే లేదు. అప్పటి నుంచీ నేను తేదీ అంకె చెప్తాను, ముందూ వెనకా అనను.

భోగాపురం_రోడ్డు · మంగళవారం ఉదయం 9:10

పెద్దాయనకి దండం. ముందు–వెనక సంగతి మా సైటులో రోజూ ఉన్నదే.

మేం ప్రైమావెరా వాడతాం, ఇలాంటిదే ఇంకో షెడ్యూల్ సాఫ్ట్‌వేర్. కన్‌స్ట్రెయింట్ ఉన్న తేదీ పక్కన చిన్న నక్షత్రం గుర్తు పడుతుంది, కాబట్టి దాచడం కష్టం. క్లయింటు తరఫు మనిషి మొదట చూసేవి ఆ నక్షత్రాలే. స్టార్ట్ ఆన్ ఆర్ ఆఫ్టర్ అయితే ఎందుకు పెట్టావో చెప్తే ఊరుకుంటాడు. మ్యాండేటరీ ఫినిష్ (ఆ తేదీకే ముగిసి తీరాలి) కనిపించిందా, ఫైలు వెనక్కి వస్తుంది. అది లింకులను పట్టించుకోదు, జరగని పనిని కూడా జరిగినట్టే చూపిస్తుంది. మళ్లీ లెక్క కట్టమని ఎఫ్9 ఎన్నిసార్లు నొక్కినా అంతే.

మైక్రోసాఫ్ట్ దాంట్లోనూ ఈ బుద్ధిని మార్చే టిక్కు ఒకటుంది. ఆప్షన్స్‌లో షెడ్యూల్ కింద, టాస్కులు ఎప్పుడూ తమ కన్‌స్ట్రెయింట్ తేదీలకే కట్టుబడి ఉంటాయి అనే అర్థంతో. మామూలుగా టిక్కు పెట్టే ఉంటుంది. తీసేస్తే లింకుదే గెలుపు, మస్ట్ స్టార్ట్ ఆన్ పెట్టినా తోసేస్తుంది. ఆ టిక్కు ఫైలుతో పాటే ఉంటుంది, ఒకే కన్‌స్ట్రెయింట్ ఒక ఫైలులో ఒకలా, ఇంకో ఫైలులో ఇంకోలా పనిచేస్తోందంటే ముందు అది చూడండి.

రాజాం_లినక్స్ · మంగళవారం ఉదయం 10:30

డబ్బు పెట్టలేనివాళ్ల కోసం ఒక మాట. గాంట్‌ప్రాజెక్ట్ అనే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో లింకుకే రెండు స్వభావాలు: స్ట్రాంగ్, రబ్బర్. రబ్బర్ పెడితే ముందు పని ఆలస్యమైనప్పుడు తర్వాతి దాన్ని తోస్తుంది, తొందరగా అయితే మాత్రం లాక్కురాదు. స్ట్రాంగ్ అయితే రెండు వైపులా ఈడ్చుకుపోతుంది. మేస్త్రీలకి చెప్పడానికి ఈ రెండు మాటలూ భలే పనికొస్తాయి. అవతలివాళ్లు ఎంపీపీ (మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్) ఫైలు పంపితే ప్రాజెక్ట్‌లిబ్రేలో తెరుచుకుంటుంది, అదీ ఉచితమే, అందులోనూ కన్‌స్ట్రెయింట్లు ఉన్నాయి.

దొంగ కాపీలు వాడొద్దని కూడా చెప్తున్నాను, ఎవరినీ ఉద్దేశించి కాదు.

చీపురుపల్లి_జంక్షన్ · మంగళవారం ఉదయం 10:41

ఎవరినీ ఉద్దేశించకుండానే తగిలింది 😀

తీరం_సిక్కోలు · మంగళవారం మధ్యాహ్నం 1:15

గట్టి తేదీలంటే మావి. చేపలు దించే గట్టు రిపేర్లు చేస్తాం. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డున ఉంటాయి కాబట్టి గట్టు దగ్గర పని చేసుకోవచ్చు. జూన్ 15 తెల్లారేసరికి మాకు అక్కడ చోటుండదు.

మొదటి టాస్కుకి స్టార్ట్ నో ఎర్లియర్ దాన్ ఏప్రిల్ 15. చివరిదానికి డెడ్‌లైన్ జూన్ 14. మధ్యలో ఉన్న నలభై పైచిలుకు టాస్కుల్లో ఒక్కదానికీ తేదీ కొట్టలేదు. వ్యవధి, లింకు, అంతే. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి.

బొబ్బిలి_ఇటుక · మంగళవారం మధ్యాహ్నం 1:50

ఇంకో దారి కూడా ఉంది కదా. ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌లో ఫినిష్ తేదీ నుంచి షెడ్యూల్ చెయ్యమంటే, ముహూర్తం దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్క కట్టుకొస్తుంది.

గొట్టా_కాలువ · మంగళవారం మధ్యాహ్నం 2:30

కడుతుంది. అప్పుడు ప్రతి టాస్కూ యాజ్ లేట్ యాజ్ పాసిబుల్ (వీలైనంత ఆలస్యంగా) అవుతుంది. అన్నీ ఆఖరి రోజుకి వేలాడతాయి, మధ్యలో ఒక్క తుఫాను పట్టిందా, మరి చోటు లేదు. అక్టోబరు మన జిల్లాలకి ఎలాంటి నెలో చెప్పాలా? హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఎంత ఆలస్యంగా మొదలెట్టినా సరిపోతుందో తెలుసుకోవడానికి కాపీ ఫైలులో ఒకసారి చూసుకో, అసలు ఫైలులో వద్దు.

మండపం_ప్లానర్ · మంగళవారం రాత్రి 11:05

పొందూరు అక్క చెప్పినట్టే చేశాను. 84లో 79కి క్యాలెండర్ బొమ్మలు ఉన్నాయి! అన్నీ తీసేశాను. ముహూర్తానికి డెడ్‌లైన్ పెట్టాను. మైనస్ 15 కాస్తా మైనస్ 11 అయింది. ఫ్రేముల తర్వాతి పనులు ఇప్పుడు వాటంతట అవే తొందరగా వచ్చాయి.

ఓనరు గారికి చూపించాను. ఎర్ర గుర్తు చూసి మొహం మారిపోయింది. "నిన్న ఫోన్లో అంతా బాగుందన్నావు కదా" అన్నారు. నిన్న అన్నది నిజమే. గంటసేపు తిట్లు.

ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇంకా సోమవారమే చూపిస్తోంది. మస్ట్ స్టార్ట్ ఆన్ పెట్టినా ఆదివారం ఒప్పుకోవట్లేదు.

పొందూరు_నేత · బుధవారం ఉదయం 6:05

క్యాలెండర్‌లో ఆదివారం సెలవైతే కన్‌స్ట్రెయింట్ ఏం చేస్తుంది పాపం. ఛేంజ్ వర్కింగ్ టైమ్‌లో కొత్త క్యాలెండర్ ఒకటి తయారుచేసి, అందులో ఆ ఆదివారాన్ని పనిరోజు చేయండి. ఆ ఒక్క టాస్కుకి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఆ క్యాలెండర్ తగిలించండి. మనుషులను కూడా కేటాయించి ఉంటే, రిసోర్స్ క్యాలెండర్‌ని పట్టించుకోవద్దనే టిక్కు కూడా పెట్టాలి. మస్ట్ స్టార్ట్ ఆన్ ఇక్కడ సరైనదే, కరెంటు ఆ రోజే తీస్తారు కాబట్టి.

అన్నట్టు, మీ అసలు క్యాలెండర్‌లో శనివారం పనిరోజేనా?

మండపం_ప్లానర్ · బుధవారం ఉదయం 7:30

స్టాండర్డ్ అని ఉన్నదే ఉంచాను... అయ్యో. శని, ఆది రెండూ సెలవే అందులో.

పాత_పెన్సిల్ · బుధవారం ఉదయం 7:52

మన సైటుకి శనివారం సెలవు ఎవడిచ్చాడు నాయనా? శనివారం పగార్లు. ఆ రోజు రాని కూలీ ఉండడు.

మండపం_ప్లానర్ · బుధవారం ఉదయం 8:40

శనివారం పనిరోజు చేశాను. మైనస్ 11 నుంచి మైనస్ 5కి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

భోగాపురం_రోడ్డు · బుధవారం ఉదయం 9:15

సంబరం అప్పుడే వద్దు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ముందు రోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం. విజయనగరంలో ఆ రెండు రోజులూ ఎవరు పనికి వస్తారు, లారీ ఎటు నుంచి వస్తుంది? ఆ రెండు రోజులనూ క్యాలెండర్‌లో సెలవులుగా పెట్టండి. దానికి కన్‌స్ట్రెయింట్ కాదు, క్యాలెండరే సరైన చోటు. తేదీ ఏటా మారుతుంది కాబట్టి పంచాంగం చూసి వేయండి.

మండపం_ప్లానర్ · బుధవారం ఉదయం 9:32

పైడితల్లమ్మ మైనస్ 7 చేసింది 🙏

గొట్టా_కాలువ · బుధవారం మధ్యాహ్నం 12:10

పై స్లాబుకి సపోర్టులు తీసే టాస్కు ఎలా పెట్టావు?

మండపం_ప్లానర్ · బుధవారం మధ్యాహ్నం 12:25

హాలు బీములు 6 మీటర్లు దాటాయి సార్, అందుకని 21 రోజులు. "కాంక్రీటు గట్టిపడటం" అని 21 రోజుల టాస్కు ఒకటి పెట్టి లింకు ఇచ్చాను.

గొట్టా_కాలువ · బుధవారం మధ్యాహ్నం 12:48

అదిగో. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 చెప్పేది మామూలు రోజుల లెక్క. సిమెంటుకి ఆదివారం లేదు, సిరిమాను లేదు, రాత్రీ పగలూ గట్టిపడుతూనే ఉంటుంది. నువ్వు టాస్కుగా పెట్టిన 21 రోజులు పనిరోజులు. మధ్యలో వచ్చే సెలవులన్నీ దానికి అదనం. ఆ టాస్కు తీసేసి, స్లాబు పోసిన టాస్కు నుంచి సపోర్టులు తీసే దానికి నేరుగా లింకు ఇచ్చి, ల్యాగ్‌లో (రెండు పనుల మధ్య ఆగాల్సిన రోజుల గడిలో) 21 ఈడీ (21ed) అని కొట్టు. ఈడీ అంటే సెలవులతో పని లేకుండా వరస రోజులు. సపోర్టులు తొందరపడి తియ్యమని కాదు నేను చెప్పేది. ఆ 21లో ఒక్క రోజు తగ్గించినా ఊరుకోను.

మండపం_ప్లానర్ · బుధవారం మధ్యాహ్నం 1:20

మైనస్ 4.

ఇంకేమైనా ఉన్నాయా ఇలాంటివి?

తీరం_సిక్కోలు · బుధవారం మధ్యాహ్నం 2:00

చార్టులో అయిపోయాయి, ఇక సైటులో చూసుకోవాలి. పెళ్లికి నిజంగా ఏమేం కావాలో ఓనరుని కూర్చోబెట్టి అడగండి. డెడ్‌లైన్ ఏ టాస్కుకి తగిలించారు, మొత్తం బిల్డింగుకా?

మండపం_ప్లానర్ · శుక్రవారం రాత్రి 10:15

రెండు రోజులు ఇటు రాలేకపోయాను. ఓనరు గారితో మళ్లీ కూర్చున్నాను. వంటల షెడ్డు ఫ్లోరింగు, బయటి గోడ రంగులు మొదటి పెళ్లికి అక్కర్లేదని తేలింది. వంట టెంటు కింద చేయించుకుంటారట. ఆ రెండింటినీ డెడ్‌లైన్ నుంచి విడదీశాను. కింది హాలు టైల్స్ పై స్లాబుతో పాటే మొదలెట్టొచ్చని మేస్త్రీ అన్నారు, సపోర్టులు లేని సగంలో. ఆ లింకు మార్చాను. ఇప్పుడు టోటల్ స్లాక్ ప్లస్ 2.

బేస్‌లైన్ కొట్టాను. కదలకుండా కట్టేసిన తేదీ మొత్తం ఫైలులో ఒక్కటే, ట్రాన్స్‌ఫార్మర్ ఆదివారం.

ఓనరు గారు ఒకటే అడిగారు, ఇకముందు ఎర్ర గుర్తు వస్తే అది కనిపించకుండా ప్రింట్ తీయడం కుదురుతుందా అని.

పొందూరు_నేత · శుక్రవారం రాత్రి 10:22

కుదురుతుంది. ఎలాగో చెప్పను.

చీపురుపల్లి_జంక్షన్ · శనివారం ఉదయం 7:10

నా ఫైలు కూడా ఆటోలోకి మార్చి చూశాను, లింకుల ప్రకారం తేదీలు సర్దే రెస్పెక్ట్ లింక్స్ నొక్కి. ముగింపు మార్చి నెల దాకా పోయింది. మళ్లీ సూదులు గుచ్చేశాను. మా కాంట్రాక్టరు గుండె జబ్బు మనిషి, ఇవన్నీ చూడకూడదు.

గొట్టా_కాలువ · శనివారం ఉదయం 7:45

ఆయన గుండె సంగతి మార్చిలో చూద్దాం. ప్లానర్ బాబూ, మరొక్కటి. ప్రతి వారం అయిన పని ఎక్కించేటప్పుడు అప్‌డేట్ ప్రాజెక్ట్‌లో మిగిలిన పనిని ఫలానా తేదీ తర్వాతకి జరపమనే ఆప్షన్ వాడితే, ఇంకా మొదలవని టాస్కులకి అది మళ్లీ స్టార్ట్ నో ఎర్లియర్ దాన్ తగిలిస్తుంది. వాడితే వాడు, తర్వాత ఆ కాలమ్ మీద ఒక కన్నేసి ఉంచు. మొదలైన పనికి ఆక్చువల్ స్టార్ట్ (నిజంగా మొదలైన తేదీ) వెయ్యి. కదలని తేదీ అంటే ఇక అదే.

మండపం_ప్లానర్ · ఆదివారం రాత్రి 8:50

ట్రాన్స్‌ఫార్మర్ మారిపోయింది. ఉదయం 7కి కరెంటు తీస్తామన్నారు, 9:40కి తీశారు. సాయంత్రం 5కి మళ్లీ వచ్చింది. ఆక్చువల్ స్టార్ట్ 9:40 అనే కొట్టాను.